ఓఐ పెరిగిందంటే పెంచిందెవరు? నిఫ్టీ ఆప్షన్ చెయిన్ మీద ఒక సందేహం

కొత్తవలస_కుర్రాడు | ఆదివారం ఉదయం 10:05

నమస్తే అండీ. నిఫ్టీ 24,930 దగ్గరుంది అనుకోండి. ఆప్షన్ చెయిన్ (ఏ ధర దగ్గర ఎన్ని ఆప్షన్లున్నాయో చూపే పట్టిక) తెరిస్తే 25,000 కాల్ (ఆ ధరకి కొనే హక్కు) దగ్గర ఓపెన్ ఇంటరెస్ట్ (ఓఐ) అన్నిటికన్నా ఎక్కువ కనిపిస్తోంది. ఒక వీడియోలో "కాల్ ఓఐ ఎక్కువుంది కాబట్టి అక్కడ ఆగిపోద్ది" అంటారు. ఇంకో వీడియోలో "కాల్స్ అంతలా కొన్నారు, పైకి పోద్ది" అంటారు. అంకె ఒకటే, అర్థాలు రెండు. పైగా బ్రోకర్ యాప్‌లో 78 లక్షలు చూపిస్తే ఎన్ఎస్ఈ సైట్‌లో 1.2 లక్షలే ఉంది. ఏటిది మాస్టారూ?

గంటస్తంభం | ఆదివారం ఉదయం 10:40

ముందు ఆ 78 లక్షల సంగతి తేల్చేద్దాం, అది సులువు. ఎన్ఎస్ఈ చెయిన్‌లో ఉండేది కాంట్రాక్టుల లెక్క, అంటే లాట్లు. మీ యాప్ యూనిట్ల లెక్క చూపిస్తోంది. నిఫ్టీ లాటు ఇప్పుడు 65 యూనిట్లు. 1,20,000 ఇంటూ 65, 78,00,000. రెండూ ఒకటే.

ఇందులో ఒక చిక్కుంది. లాటు 2025 డిసెంబరు ఎక్స్‌పైరీ (గడువు ముగిసే రోజు) దాకా 75. అప్పటి 1,00,000 కాంట్రాక్టులంటే 75 లక్షల యూనిట్లు. అదే 75 లక్షలు ఇప్పుడు సుమారు 1,15,400 కాంట్రాక్టులుగా కనిపిస్తాయి. ఎవరూ కొత్తగా ఏమీ చెయ్యకుండానే 15 శాతం పెరిగినట్టు. పాత డేటాతో పోల్చేటప్పుడు యూనిట్లలోకి మార్చుకోకపోతే మొదటి అడుగే తప్పు పడుతుంది.

రెండు వీడియోల సంగతి సాయంత్రం చెప్తాను. ఈలోగా వాల్యూమ్‌కీ ఓఐకీ తేడా ఎవరైనా చెప్పండి.

పలాస_పిక్క | ఆదివారం ఉదయం 11:15

మా వైపు భాషలో చెప్తాను. పలాసలో జీడి పిక్కల బేరం 80 కేజీల బస్తా లెక్కన సాగుతుంది. రైతు వచ్చే నెల 10 బస్తాలు ఇస్తానన్నాడు, ఫ్యాక్టరీ వాడు ఈ ధరకి తీసుకుంటానన్నాడు. కాగితం రాసుకున్నారు. అమ్మేవాడొకడు, కొనేవాడొకడు, కాగితం ఒకటే. ఇంకా తీరకుండా మిగిలున్న కాగితాల లెక్కే ఓఐ. ఫ్యాక్టరీ వాడు తన కాగితాన్ని ఇంకో వ్యాపారికి అమ్ముకుంటే బేరం ఇంకోటి జరిగింది గానీ కాగితం అదే. రోజులో జరిగిన బేరాల లెక్క వాల్యూమ్.

ఎక్స్ఛేంజీలో మాత్రం రైతు కూడా తన వైపు కాగితం ఇంకో రైతుకి అంటగట్టి బయటపడొచ్చు. మధ్యలో క్లియరింగ్ కార్పొరేషన్ హామీ ఉంటుంది కాబట్టి అవతల ఎవరున్నారో మనకి అనవసరం.

నాగావళి_ఒడ్డు | ఆదివారం మధ్యాహ్నం 12:02

పలాస అన్నయ్య చెప్పినదాన్ని అంకెల్లో పెడుతున్నాను. కాగితం మీద రాసుకుంటూ చదవండి, ఒక్కసారి పడితే మళ్ళీ మర్చిపోరు.

25,000 కాల్, పొద్దున్న ఓఐ సున్నా అనుకుందాం. 'అ' అనే ఆయన 'ఆ' అనే ఆయన దగ్గర 10 లాట్లు కొన్నాడు. ఇద్దరూ కొత్తవాళ్ళే. వాల్యూమ్ 10, ఓఐ 10.

'అ' తన పదీ 'ఇ' అనే ఆయనకి అమ్మేశాడు. పాతవాడు వెళ్ళాడు, కొత్తవాడు వచ్చాడు. వాల్యూమ్ 20, ఓఐ 10.

రైటర్ (ఆప్షన్ అమ్మి కూర్చున్నవాడు) అయిన 'ఆ' 4 లాట్లు వెనక్కి కొన్నాడు. అమ్మింది 'ఈ' అనే కొత్త రైటర్. వాల్యూమ్ 24, ఓఐ 10.

చివరికి 'ఇ' 6 లాట్లు అమ్మాడు, 'ఆ' వాటిని కొని మొత్తం బయటపడ్డాడు. ఇద్దరూ తగ్గించుకున్నవాళ్ళే. వాల్యూమ్ 30, ఓఐ 4. మిగిలింది: కొన్నవాడిగా 'ఇ' దగ్గర 4, అమ్మినవాడిగా 'ఈ' దగ్గర 4.

30 లాట్ల బేరం జరిగితే మిగిలింది 4. మీకు వాల్యూమ్ ఓఐకి ఎన్నో రెట్లు కనిపించడానికి కారణం ఇదే, సాయంత్రంలోగా సర్దేసుకునే వాళ్ళే ఎక్కువ. ఇంకోటి గమనించండి, ఎప్పుడు చూసినా కొన్నవాళ్ళ లాట్లూ అమ్మినవాళ్ళ లాట్లూ సరిసమానం. "కాల్స్ ఎక్కువ కొన్నారు" అన్నా, "కాల్స్ ఎక్కువ అమ్మారు" అన్నా ఒకే వాక్యం.

బొబ్బిలి_వీణ | ఆదివారం మధ్యాహ్నం 12:20

అంటే రెండు వీడియోలూ కరెక్టే, రెండూ పనికిరానివే 😀

గంటస్తంభం | ఆదివారం సాయంత్రం 6:30

వీణ గారు తేల్చేశారు. ఓఐలో దిశ ఉండదు. పెరిగినప్పుడు తొందర ఎవరిది అన్నదే అసలు ప్రశ్న: కొనేవాడు ఎక్కువ ధరకైనా ఎగబడ్డాడా, లేక రైటర్ తక్కువకైనా ఇచ్చేశాడా? ఆ జవాబు ఓఐ గడిలో దొరకదు, పక్క గడుల్లో వెతకాలి.

ఫ్యూచర్స్‌లో (ముందు తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసుకునే కాంట్రాక్టుల్లో) ఇది తేలిక. లాంగ్ అంటే కొన్నవైపు, షార్ట్ అంటే అమ్మినవైపు. ధర పెరిగి ఓఐ పెరిగితే లాంగ్ బిల్డప్. ధర తగ్గి ఓఐ పెరిగితే షార్ట్ బిల్డప్. ధర పెరిగి ఓఐ తగ్గితే షార్ట్ కవరింగ్ (అమ్మినవాళ్ళు వెనక్కి కొనడం), రెండూ తగ్గితే లాంగ్ అన్‌వైండింగ్. చాలామంది ఈ నాలుగు గళ్ళ బొమ్మని తెచ్చి ఆప్షన్ ప్రీమియానికి (ఆప్షన్ ధరకి) అతికిస్తారు. అక్కడే బోల్తా పడతారు. ఆప్షన్ ప్రీమియం మూడు కారణాల వల్ల కదులుతుంది: నిఫ్టీ కదిలినా, రోజు గడిచినా, ఐవీ (ముందు ముందు నిఫ్టీ ఎంత ఊగుతుందని మార్కెట్ అనుకుంటోందో ఆ శాతం) మారినా. ప్రీమియం తగ్గి ఓఐ పెరిగితే రైటింగ్ అని కొట్టిపారేయలేం. నిఫ్టీ పడిపోవడం వల్ల కూడా కాల్ తగ్గి ఉండొచ్చు.

అందుకని నిఫ్టీ పెద్దగా కదలని గంటల్ని ఎంచుకోండి. ఒకటి చూపిస్తాను. అంకెలు ఉదాహరణకే, ఎక్స్‌పైరీకి రెండ్రోజులుంది.

ఉదయం 11:00. నిఫ్టీ 24,930. 25,000 కాల్ ప్రీమియం 75, ఐవీ 14.0, ఓఐ 1,20,000.
మధ్యాహ్నం 1:00. నిఫ్టీ 24,932. ప్రీమియం 65, ఐవీ 12.8, ఓఐ 1,38,000.

నిఫ్టీ ఉన్నచోటే ఉంది. రెండు గంటల్లో కాలం తినేది మహా అయితే రెండు మూడు రూపాయలు. మిగతా ఏడెనిమిది రూపాయలు ఐవీ తగ్గడం వల్ల పోయాయి. 18,000 లాట్లు కొత్తగా పుట్టాయి, వస్తువు చవకైంది. అంటే అమ్మేవాళ్ళదే తొందర. దీన్ని రైటింగ్ అనొచ్చు. అదే ఓఐ 1,38,000కి చేరి ఐవీ 15 దాటుంటే కొనేవాళ్ళు ఎగబడ్డారని.

నాగావళి_ఒడ్డు | ఆదివారం సాయంత్రం 6:55

ఒక్క చిన్న జాగ్రత్త మాస్టారూ. ఆ ఒక్క స్ట్రైక్ (ఆప్షన్‌లో రాసుకున్న ధర, ఇక్కడ 25,000) ఐవీయే తగ్గిందా, అటూ ఇటూ ఉన్న 24,900, 25,100 కూడా అంతే తగ్గాయా అని చూడాలి. అన్నీ ఒకేలా తగ్గితే మార్కెట్ మొత్తంలో భయం తగ్గిందని, ఇండియా విక్స్ (ఆ భయాన్ని కొలిచే సూచీ) కూడా కిందికే ఉంటుంది. పక్కవి నిలకడగా ఉండి ఇదొక్కటే మెత్తబడితే అప్పుడు ఆ స్ట్రైక్ మీదే అమ్మకం.

గంటస్తంభం | ఆదివారం సాయంత్రం 7:01

నిజమే. అది లేకపోతే నా లెక్క సగమే.

కొత్తవలస_కుర్రాడు | ఆదివారం రాత్రి 8:10

చెయిన్‌లో "చేంజ్ ఇన్ ఓఐ" అని ఒక కాలమ్ ఉంది కదా అక్కా, అది చూస్తే సరిపోదా?

నాగావళి_ఒడ్డు | ఆదివారం రాత్రి 8:45

అది నిన్నటి ముగింపు నుంచి ఇప్పటిదాకా వచ్చిన తేడా తమ్ముడూ. పొద్దున్న 40,000 పెరిగి, మధ్యాహ్నం 25,000 తగ్గితే మీకు కనిపించేది +15,000. రైటర్లు పారిపోతుంటే మీరు ఇంకా రైటింగ్ జరుగుతోందనుకుంటారు. అందుకే సొంత పట్టీ కావాలి.

ఎక్సెల్‌లో నాలుగు వరసలు పెట్టుకోండి: 9:30, 11:00, 1:00, 2:30. నిఫ్టీకి దగ్గరి స్ట్రైక్, దానికి పైన మూడు, కింద మూడు. ఒక్కో దానికి కాల్ ప్రీమియం, ఐవీ, ఓఐ. పుట్‌కి (ఆ ధరకి అమ్మే హక్కుకి) అవే మూడు. పక్కన నిఫ్టీ విలువ. ఏడు స్ట్రైకులు చాలు. సైట్‌లో ఓఐ కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది కాబట్టి నిమిషానికోసారి చూసి లాభం లేదు.

శాతం కాలమ్ చూసి మోసపోకండి. 200 నుంచి 800కి పోతే 300 శాతం, యాప్‌లో ఎర్రగా మెరుస్తుంది. పెరిగింది 600 లాట్లు. పక్కన 1,00,000 నుంచి 1,20,000కి పోయినది 20 శాతమే, కానీ 20,000 లాట్లు.

బుధవారం పొద్దున్న అన్ని స్ట్రైకుల్లోనూ రెండువైపులా పచ్చగా కనిపిస్తే కంగారు పడకండి. మంగళవారం పాత వారం ముగిసింది, జనం కొత్త వారంలోకి వస్తున్నారు. ఆ రోజు చేంజ్ కాలమ్‌కి పెద్ద అర్థం లేదు.

రాజాం_రైటర్ | ఆదివారం రాత్రి 9:30

రెసిస్టెన్స్ గోడ (నిఫ్టీ పైకి పోకుండా ఆపుతుందనే స్ట్రైక్) గురించి రైటర్ వైపు నుంచి చెప్తాను. గోడ కన్నా కరకట్ట అంటే బాగుంటుంది. వంశధార గట్టు నీటిని ఆపినంతసేపే గట్టు, గండి పడితే ఆపిన నీరంతా ఒక్కసారే వస్తుంది.

25,000 దగ్గర 1,38,000 లాట్లు అమ్మి కూర్చున్నారు. నిఫ్టీ 25,000 దాటి 25,040లో నిలబడింది. హెడ్జ్ (నష్టానికి అడ్డుగా పెట్టుకునే ఎదురు బేరం) లేని రైటర్ ఏం చేస్తాడు? కాల్ వెనక్కి కొంటాడు, లేదా ఫ్యూచర్ కొంటాడు. రెండూ కొనడమే. ఆ కొనుగోలే నిఫ్టీని ఇంకా పైకి తోస్తుంది. పట్టీలో ఇలా కనిపిస్తుంది: ప్రీమియం 65 నుంచి 140, ఓఐ 1,38,000 నుంచి 1,05,000. ధర పెరుగుతూ ఓఐ కరుగుతుంటే గట్టు తెగుతోందని. ప్రీమియం పెరిగినా ఓఐ 1,38,000 దగ్గరే ఉందంటే రైటర్లు కదల్లేదు, వాళ్ళ దగ్గర హెడ్జ్ ఉంది లేదా ఇది నిలవదని ధీమా. ఆ దాటడాన్ని నేనైతే నమ్మను.

ఇంకో సంగతి. 25,000 కాల్, 25,000 పుట్ రెండింటి ఓఐ కలిసి పెరుగుతుంటే అది స్ట్రాడిల్ అమ్మకం (ఒకే స్ట్రైక్ కాల్, పుట్ రెండూ అమ్మడం) కావొచ్చు. కాల్ 110, పుట్ 100 అనుకుంటే చేతికొచ్చింది 210. వాళ్ళకి నష్టం మొదలయ్యేది 25,210 పైన, 24,790 కింద. మీరు 25,000ని గట్టు అనుకుంటారు, వాళ్ళ అసలు గట్టు 210 పాయింట్లు అవతల ఉంది.

బొబ్బిలి_వీణ | ఆదివారం రాత్రి 9:48

25,000 లాంటి రౌండు అంకె దగ్గర ఎప్పుడూ ఓఐ ఎక్కువే ఉంటుంది కదండీ. జనానికి గుర్తుండే అంకె అది. 24,950తో పోల్చి "గోడ" అనడం కూడా తప్పే.

రాజాం_రైటర్ | ఆదివారం రాత్రి 9:55

అవును. 500, 1000 తో ముగిసేవాటిని వాటితోనే పోల్చాలి.

పలాస_పిక్క | సోమవారం ఉదయం 7:20

పీసీఆర్ (పుట్ కాల్ రేషియో) సంగతి ఎవరూ ఎత్తలేదేటి? 1 దాటితే బుల్లిష్ అంటారు కదా.

నాగావళి_ఒడ్డు | సోమవారం ఉదయం 8:05

పుట్ ఓఐని కాల్ ఓఐతో భాగిస్తే వచ్చేది పీసీఆర్. 1 దాటిందంటే పుట్లు ఎక్కువున్నాయని, అంతవరకే. ఆ పుట్లు రైటర్లు ధైర్యంగా అమ్మినవైతే కింద ఆసరా ఉంది అనుకోవచ్చు. ఫండ్లు తమ షేర్లకి బీమాగా కొన్నవైతే భయం ఉందని. మళ్ళీ అదే మొదటి ప్రశ్న దగ్గరికి వస్తాం.

అసలు లోపం ఇంకోటుంది. పీసీఆర్‌లో లాటు లాటే. 3 రూపాయల 23,000 పుట్టుకీ, 110 రూపాయల 25,000 పుట్టుకీ ఒకే ఓటు. దూరపు చిల్లర పుట్లు నాలుగు లక్షలు పేరుకుంటే పీసీఆర్ అమాంతం పెరుగుతుంది. నేను దగ్గరి ఏడు స్ట్రైకులకే లెక్క కడతాను, ఆ వారం ఎక్స్‌పైరీకే. కొన్ని సైట్లు అన్ని ఎక్స్‌పైరీలూ కలిపేస్తాయి, అందుకే ఒక్కో చోట ఒక్కో అంకె.

కొత్తవలస_కుర్రాడు | సోమవారం ఉదయం 8:30

మాక్స్ పెయిన్ కూడా ఇలాంటిదేనా?

గంటస్తంభం | సోమవారం మధ్యాహ్నం 1:15

నిఫ్టీ ఎక్కడ ముగిస్తే రైటర్లు ఇవ్వాల్సింది అన్నిటికన్నా తక్కువో ఆ స్ట్రైకే మాక్స్ పెయిన్. చేత్తో ఒక్కసారి కడితే దాని బలమెంతో తెలిసిపోతుంది. మూడే స్ట్రైకులు అనుకుందాం.

24,900: కాల్ 10 లాట్లు, పుట్ 40.
25,000: కాల్ 30, పుట్ 25.
25,100: కాల్ 45, పుట్ 12.

నిఫ్టీ 24,900 దగ్గర ముగిస్తే: కాల్స్ అన్నీ సున్నా. 25,000 పుట్‌కి 100 ఇంటూ 25, 2,500. 25,100 పుట్‌కి 200 ఇంటూ 12, 2,400. మొత్తం 4,900.

25,000 దగ్గర ముగిస్తే: 24,900 కాల్‌కి 100 ఇంటూ 10, 1,000. 25,100 పుట్‌కి 100 ఇంటూ 12, 1,200. మొత్తం 2,200.

25,100 దగ్గరైతే: 200 ఇంటూ 10, 2,000, 100 ఇంటూ 30, 3,000. మొత్తం 5,000.

అన్నిటికన్నా తక్కువ 2,200. కాబట్టి మాక్స్ పెయిన్ 25,000. 65తో గుణిస్తే రైటర్లు ఇవ్వాల్సింది 1,43,000 రూపాయలు. పనిలో పనిగా పీసీఆర్: పుట్లు 77, కాల్స్ 85, అంటే 0.91.

ఈ లెక్కలో లేనివి చూడండి. రైటర్ ఎంత ప్రీమియానికి అమ్మాడో లేదు. వాడికి హెడ్జ్ ఉందో లేదో లేదు. అందరూ చివరిదాకా ఉంటారని అనుకుంది, ఓఐ మాత్రం ఎక్స్‌పైరీ రోజు గంటగంటకీ మారుతుంది, దాంతో మాక్స్ పెయిన్ కూడా నిఫ్టీ వెనకే నడుస్తుంది. గురువారం లెక్క పట్టుకుని మంగళవారం అక్కడే ముగుస్తుందని పందెం కాయొద్దు.

పలాస_పిక్క | సోమవారం మధ్యాహ్నం 2:40

షేర్ల ఆప్షన్లకి ఇదంతా పనిచేస్తుందా మాస్టారూ?

రాజాం_రైటర్ | సోమవారం సాయంత్రం 5:10

సగమే పనిచేస్తుంది. మొదటిది, చాలా షేర్లలో దూరపు స్ట్రైకుల దగ్గర ఓఐ వందల్లో ఉంటుంది. అవతలివాళ్ళు కొనేధర 4, అమ్మేధర 7 కనిపిస్తాయి. మార్కెట్ ఆర్డర్ వేస్తే 7కి కొని 4కి అమ్ముతారు, షేరు కదలకుండానే దాదాపు సగం పోతుంది. అక్కడ ధర మనమే చెప్పే లిమిట్ ఆర్డరే వెయ్యాలి.

రెండోది, షేరు ఆప్షన్లకి 2019 అక్టోబరు నుంచి అన్నిటికీ షేర్లే చేతులు మారే డెలివరీ సెటిల్‌మెంటే. ఎక్స్‌పైరీకి నాలుగు రోజుల ముందు నుంచి ఇన్ ద మనీ (అప్పటికే విలువున్న స్ట్రైకులు) కొన్నవాళ్ళకి కూడా డెలివరీ మార్జిన్ (కట్టాల్సిన హామీ సొమ్ము) రోజురోజుకీ పెరుగుతుంది. అందుకే చివరి వారంలో ఓఐ తగ్గితే అది అభిప్రాయం మారినట్టు కాదు, మార్జిన్ కట్టలేక బయటపడడం కావొచ్చు.

మూడోది బ్యాన్, అంటే కొత్తగా పెంచుకోకూడదు, ఉన్నవి తగ్గించుకోవడమే. షేరు డెరివేటివ్స్ (ఫ్యూచర్స్, ఆప్షన్లు) ఓఐ, ఆ షేరుకి పెట్టిన మార్కెట్ పరిమితిలో 95 శాతం దాటితే బ్యాన్‌లోకి పోతుంది, 80 శాతానికి దిగాక బయటికొస్తుంది. ఆ రోజుల్లో ఓఐ తగ్గడం బలవంతపు తగ్గుదల. ఇండెక్స్‌కి ఈ బ్యాన్ లేదు.

నాగావళి_ఒడ్డు | సోమవారం సాయంత్రం 5:45

ఆ పరిమితి లెక్కే మారింది. సెబీ 2025 మే 29 సర్క్యులర్‌తో ఓఐని డెల్టా (షేరు రూపాయి కదిలితే ఆప్షన్ ఎంత కదులుతుందో) లెక్కన ఫ్యూచర్‌కి సమానంగా మార్చి కొలుస్తున్నారు. ముందు 0.1 డెల్టా ఉన్న దూరపు కాల్ 100 లాట్లూ, ఫ్యూచర్ 100 లాట్లూ ఒకటే. ఇప్పుడు ఆ కాల్స్ 10 లాట్ల కింద లెక్క. దూరపు చవక ఆప్షన్లు కొని ఒక షేరుని బ్యాన్‌లోకి నెట్టడం కష్టమయ్యేలా.

ఇది మన పట్టీకి కూడా వాడుకోవచ్చు. ఓఐ పక్కన డెల్టా పెట్టి గుణించండి. 25,500 కాల్ దగ్గర డెల్టా 0.05, ఓఐ 2,00,000 అనుకుంటే 10,000. 25,000 కాల్ దగ్గర 0.42 ఇంటూ 1,38,000, దాదాపు 58,000. చెయిన్‌లో పెద్దగా కనిపించిన 25,500 గోడ, అసలు బరువులో 25,000 దానికి ఐదో వంతు కూడా లేదు.

కొత్తవలస_కుర్రాడు | సోమవారం రాత్రి 8:20

ఎఫ్ఐఐలు (విదేశీ ఫండ్లు) ఎంత అమ్మారని రోజూ టెలిగ్రామ్‌లో పెడతారు, అదెక్కడిది?

గంటస్తంభం | సోమవారం రాత్రి 9:00

టెలిగ్రామ్ అక్కర్లేదు. ఎన్ఎస్ఈ రోజూ మార్కెట్ అయ్యాక పార్టిసిపెంట్ వారీ ఓఐ ఫైలు పెడుతుంది. వరసలు నాలుగు: క్లయింట్, డీఐఐ (దేశీ ఫండ్లు), ఎఫ్ఐఐ, ప్రో (బ్రోకర్ల సొంత ఖాతాలు). ఇండెక్స్ ఫ్యూచర్స్‌లో ఎఫ్ఐఐ లాంగ్ 50,000, షార్ట్ 1,50,000 అనుకుంటే లాంగ్ వాటా 25 శాతం. కానీ వాళ్ళ దగ్గర షేర్లు గుట్టలుగా ఉంటాయి, ఆ షార్ట్ వాటికి బీమా కావొచ్చు. ఒక రోజు అంకెకన్నా వారం రోజుల్లో 25 నుంచి 35కి పాకిందా, 15కి దిగిందా అన్నది పనికొస్తుంది. నెలవారీ ఎక్స్‌పైరీ మర్నాడు చూస్తే పాతవి రాలిపోయి అంకె తలకిందులవుతుంది, ఆ ఒక్క రోజు వదిలెయ్యండి.

క్లయింట్ వరసలో మనలాంటివాళ్ళం ఉంటాం. సెబీ లెక్కల్లో 2024-25లో డెరివేటివ్స్ చేసిన వ్యక్తుల్లో 91 శాతం మంది నష్టపోయారు, నికర నష్టం 1,05,603 కోట్లు. ఆ వరసకి ఎదురెళ్ళాలన్న సలహా అక్కడినుంచి పుట్టిందే, కానీ ఆ వరసలో చిన్నవాళ్ళే కాదు, పెద్ద సొమ్మున్నవాళ్ళూ ఉంటారు.

బొబ్బిలి_వీణ | సోమవారం రాత్రి 9:20

ఎక్స్‌పైరీ రోజు ఓఐ చూసి ట్రేడ్ చెయ్యొచ్చా?

రాజాం_రైటర్ | సోమవారం రాత్రి 9:50

ఎన్ఎస్ఈలో వారం ఎక్స్‌పైరీ ఇప్పుడు నిఫ్టీకి ఒక్కదానికే, 2025 సెప్టెంబరు నుంచి మంగళవారం. సెన్సెక్స్ గురువారం. బ్యాంక్ నిఫ్టీ వారంవి 2024 నవంబరులోనే పోయాయి.

ఆ రోజు ఓఐ ఉదయం లేచి, మధ్యాహ్నానికి కరిగి, మళ్ళీ లేస్తుంది. అప్పటికప్పుడు అమ్మి సాయంత్రానికి సున్నా చేసుకునేవాళ్ళదే హడావుడి. రైటర్‌కి ఆ రోజు 2 శాతం అదనపు మార్జిన్ కూడా ఉంది. 25,000 ఇంటూ 65 అంటే 16,25,000. అందులో 2 శాతం, లాటుకి 32,500. అది లేనివాళ్ళు పొద్దున్నే కవర్ చేస్తారు. ఓఐ తగ్గిందని గట్టు తెగినట్టు అనుకోకండి, ప్రీమియం, ఐవీ కూడా లేచాయా చూడండి.

విజయనగరం వాళ్ళకి ప్రత్యేకం: పైడితల్లి సిరిమాను ఉత్సవం కూడా మంగళవారమే. సిరిమాను కోటకీ గుడికీ మూడుసార్లు తిరిగే ఆ మధ్యాహ్నం, ఆ జనంలో ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడి హెడ్జ్ లేని షార్ట్ పట్టుకుని నిలబడొద్దు.

కొత్తవలస_కుర్రాడు | మంగళవారం ఉదయం 11:05

పట్టీ మొదలెట్టాను. 9:30కి 25,000 కాల్ ఓఐ 96,000, ఐవీ 15.1. 11:00కి ఓఐ 1,31,000, ఐవీ 15.9. నిఫ్టీ 24,961 నుంచి 24,958. పక్క స్ట్రైకుల ఐవీ కదల్లేదు. ఇది కొనేవాళ్ళ తొందర అనుకోవచ్చా?

నాగావళి_ఒడ్డు | మంగళవారం ఉదయం 11:12

ఎక్స్‌పైరీ రోజు ఐవీ నమ్మకం తక్కువ తమ్ముడూ. గడువు గంటల్లో ఉన్నప్పుడు ప్రీమియం రెండు రూపాయలు మారినా ఐవీ పాయింటు పాయింటు గెంతుతుంది. ఇదే పట్టీ వచ్చే వారం ఎక్స్‌పైరీకి తీసి పెట్టండి, అక్కడా 25,000 ఒక్కటే లేచిందేమో చూద్దాం.